పల్నాడు పిట్టలు చెప్పే చరిత్ర: నరసరావుపేట నుంచి సాగర్ దాకా ఒక చలికాలం రోజు

పల్నాడు అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? పల్నాటి యుద్ధం, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు. తర్వాత పిడుగురాళ్ళ సున్నం, మిర్చి, రెంటచింతల ఎండ. పిట్టలు అని మాత్రం ఎవరూ అనరు. నేను కూడా చాలా ఏళ్ళు పిట్టలు చూడాలంటే కొల్లేరో, పులికాటో, నేలపట్టో వెళ్ళాలనే అనుకునేవాడిని.

ఈ ఎపిసోడ్‌లో మనం ఎక్కడికీ దూరం వెళ్ళటం లేదు. ఈ జనవరిలో ఒక రోజు పొద్దున్నే నరసరావుపేటలో బయల్దేరి కారంపూడి, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా సాయంత్రానికి సాగర్ ఒడ్డున అనుపు చేరుకున్నాను. దారి పొడుగునా పొలాల్లో, కుంటల్లో, కాలువ గట్ల మీద పిట్టలు చూశాను. చేతిలో ఒక బైనాక్యులర్, ఫోను, ఒక నోట్‌బుక్. అంతే సరంజామా.

పిట్టలకీ చరిత్రకీ సంబంధం ఏంటి అంటారా? ఉంది. పిట్ట ఊరికే ఎక్కడా ఉండదు. దానికి తిండి, నీడ, గూడు కట్టుకునే చోటు కావాలి. నేల మారితే పిట్ట మారుతుంది. అందుకని ఒక ఊళ్ళో ఈ రోజు ఏ పిట్టలు ఉన్నాయో సరిగ్గా చూస్తే, ఆ ఊరి నేల ఎప్పుడు ఎలా మారిందో చెప్పొచ్చు. శాసనం చదివినట్టే. జనవరే ఎందుకంటే, ఉత్తరాది నుంచి, మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి వచ్చే వలస పిట్టలు మన దగ్గర ఉండే కాలం అది. ఆసియా నీటిపక్షుల లెక్క అని 1987 నుంచి ప్రతి ఏడూ తీస్తున్నారు, అది కూడా జనవరిలోనే. సరే, మొదలుపెడదాం.

మెట్ట నేల: పాలపిట్ట, జొన్నచేను

పొద్దున ఆరున్నర. మంచు ఇంకా విడలేదు. నరసరావుపేట దాటి కారంపూడి వైపు వెళ్తుంటే కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చున్న మొదటి పిట్ట పాలపిట్ట. కూర్చుంటే మట్టి రంగే. ఎగిరితే మాత్రం రెక్కల్లో నీలం విప్పుకుంటుంది. దసరా రోజు దీన్ని చూస్తే మంచిదని మన పెద్దవాళ్ళు ఊరి బయటికి వెళ్ళి మరీ వెతికేవాళ్ళు. చాలా ఏళ్ళు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఇదే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ పాలపిట్టని ఉంచుకుంది, మనం 2018లో రామచిలకని ఎంచుకున్నాం.

ఇప్పుడు ఒక చేదు విషయం. 2023లో భారతదేశపు పక్షుల స్థితి మీద పెద్ద నివేదిక ఒకటి వచ్చింది. దేశంలో దాదాపు 30 వేల మంది మామూలు జనం, అంటే నాలాగా మీలాగా పిట్టలు చూసి ఫోన్లో నమోదు చేసేవాళ్ళు ఇచ్చిన 3 కోట్ల పైచిలుకు నమోదుల మీద కట్టిన లెక్క అది. అందులో బాగా తగ్గిపోతున్న పిట్టల్లో పాలపిట్ట ఒకటి. తగ్గుదల 30 శాతం దాకా ఉంది, దీని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్ళీ పరిశీలించాలి అన్నారు. అడవి పిట్ట కాదు, అరుదైన పిట్ట కాదు, మన కరెంటు తీగ మీద పిట్ట! ఆ నివేదిక మొత్తంలో ఎక్కువ దెబ్బ తిన్నవి కూడా ఇలాంటి మెట్ట పొలాలు, గడ్డి బీళ్ళలో బతికే పిట్టలే.

పల్నాడు అసలు అలాంటి నేలే. సాగర్ నీళ్ళు రాక ముందు ఇక్కడ జొన్న, సజ్జ, కంది. వాన పడితే పంట, లేకపోతే లేదు. శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటు పద్యాలు కొన్ని విన్నారా? పల్నాట్లో జొన్నకూడు తప్ప ఇంకేమీ దొరకదని ఆయన తెగ వెక్కిరిస్తాడు. సన్నబియ్యం అలవాటైన కవికి కష్టమే మరి! కానీ ఆ వెక్కిరింతలోనే మనకి ఒక చరిత్ర ఆధారం ఉంది. 15వ శతాబ్దంలో ఈ సీమని చూసినవాళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడింది జొన్న.

జొన్న ఉన్నచోట ఒక పిట్ట ఖాయం. గులాబీ రంగు ఒళ్ళు, నల్ల తల, గోరింకకి చుట్టం. వందలు, వేలుగా గుంపు కట్టి మబ్బులాగా దిగుతుంది. మద్రాసు ప్రాంతంలోని ఇంగ్లీషువాళ్ళు దీన్ని చోళం పిట్ట అన్నారు. చోళం అంటే తమిళంలో జొన్న. ఇది గుడ్లు పెట్టేది మధ్య ఆసియా మైదానాల్లో, అక్కడ దీని తిండి మిడతలు. చలికాలం మన దగ్గరికొచ్చి జొన్న కంకుల మీద పడుతుంది. ఆ రోజు నాకు ఒక గుంపు కనపడింది. మహా అయితే 60 ఉంటాయి. దిగింది కూడా జొన్నచేలో కాదు, కంది చేను పక్కన తుమ్మ చెట్టు మీద.

అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు. "ఏంది నాయనా, సర్వేనా? కాలవ యిటేమన్నా తీసుకొస్తారా?" అన్నాడు. బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని పొలాల్లో తిరిగితే మనవైపు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. కాదు తాతా, పిట్టలు చూస్తున్నా అంటే నవ్వాడు. "మా చిన్నప్పుడు పిట్టల్ని తోలేదానికే పొద్దు సరిపోయేది. మంచె మీద కూసొని వడిసెల తిప్పటమే మా బడి" అన్నాడు. వడిసెల తెలుసు కదా, తాడు మధ్యలో రాయి పెట్టి తిప్పి విసిరేది. ఈ తాత చిన్నతనంలో పిట్ట అంటే పంట తినే దొంగ. ఇప్పుడు ఆ చుట్టుపక్కల జొన్న కొంచెం కూడా కనపడదు. వడిసెల తిప్పే పిల్లాడూ లేడు. "ఇప్పుడు పిట్టలకి పెట్టే పంటా లేదు, తోలే పనీ లేదు" అని ఆయనే అన్నాడు. నేను ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పత్తి, మిరప: మందు కొట్టిన నేల

కొంచెం ముందుకెళ్తే పత్తి, మిరప. జనవరి అంటే మిరప కోతల కాలం. కల్లాల్లో ఎర్రగా తివాచీ పరిచినట్టు కాయ ఆరబోసి ఉంది. అందంగా ఉంటుంది, ఫోటో తీసుకోవాలనిపిస్తుంది, కానీ పిట్టలు మాత్రం చాలా తక్కువ. ఎందుకు?

ఇక్కడ ఒక చరిత్ర ఉంది, మన అమ్మానాన్నల కాలం నాటిది. 1970ల తర్వాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి బాగా పెరిగింది. డబ్బులు కూడా వచ్చాయి. పత్తికి పురుగు ఎక్కువ, పురుగుకి మందు ఎక్కువ. కొట్టగా కొట్టగా మందుకి పురుగు అలవాటు పడిపోయింది. 1987-88 ప్రాంతంలో తెల్లదోమ విరగబడి పంట మొత్తం పోయింది. అప్పు తెచ్చి మందు కొట్టిన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పత్తి రైతుల ఆత్మహత్యలు అనే మాట ఆంధ్రలో పెద్దగా వినపడటం మొదలైంది అప్పుడే.

దీనికీ పిట్టకీ లింకు చూడండి. పాలపిట్ట తినేది మిడతలు, పేడపురుగులు, గొంగళ్ళు. పసుల పోలిగాడు తినేదీ పురుగునే. పసుల పోలిగాడు అంటే నల్లగా, తోక రెండుగా చీలి ఉంటుంది చూడండి, గేదె వీపు మీద సవారీ చేస్తుంది, అదే. మందు పడితే ముందు చచ్చేది వీటి తిండి. పురుగు మాత్రం మందు తట్టుకుని మళ్ళీ లేస్తుంది, దాన్ని తినే పిట్ట అంత తొందరగా తిరిగి రాదు.

ఆ దెబ్బ తర్వాత వ్యవసాయ శాస్త్రవేత్తలు సమగ్ర సస్యరక్షణ అని చెప్పటం మొదలుపెట్టారు. అందులో ఒక సలహా నాకు భలే ఇష్టం. చేలో ఎకరానికి 10 నుంచి 20 పంగల కర్రలు పాతండి అంటారు. వాటిని పక్షి స్థావరాలు అంటారు. పిట్ట వచ్చి కూర్చుని శనగపచ్చ పురుగుని ఏరుకు తింటుంది. తాత కాలంలో వడిసెలతో తోలిన పిట్టనే మనవడి కాలంలో కర్ర పాతి మరీ పిలుస్తున్నాం అన్నమాట! ఆ రోజు ఒక శనగ చేలో అలాంటి కర్రలు చూశాను. ఒక కర్ర మీద నిజంగానే పోలిగాడు కూర్చుని ఉన్నాడు. మిరప కోస్తున్న ఒకామెని, అమ్మా ఈ పిట్టలు మీకు పనికొస్తాయా అని అడిగితే, "పనికొచ్చుద్దో లేదో గానీ, అది కూసున్న సాలు దగ్గర పురుగు తక్కువుంటదయ్యా" అంది. చెయ్యి ఆపకుండానే చెప్పింది.

కారంపూడి: పుంజుల్లో మిగిలిన పేర్లు

పదిన్నరకి కారంపూడి. నాగులేరు పక్కన వీరుల గుడి. 12వ శతాబ్దం చివర్లో గురజాల వాళ్ళూ మాచర్ల వాళ్ళూ కొట్టుకుని అందరూ పోయింది ఇక్కడే. ఈ మొత్తం గొడవలో ఒక పిట్ట ఉంది కదా. కోడి! నాగమ్మ పుంజు శివంగి డేగ, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. కోడి ఓడిపోయింది, మాచర్ల వాళ్ళు ఊళ్ళు వదిలి అడవికి పోయారు, తిరిగొచ్చేసరికి రాజ్యం ఇవ్వం అన్నారు, యుద్ధం. కథలో ఎంత కల్పన, ఎంత నిజం అనేది వేరే ఎపిసోడ్. ఇప్పటికీ కార్తీక అమావాస్యకి ఇక్కడ ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. అందులో ఒక రోజు పేరే కోడిపోరు.

నేను చెప్పాలనుకున్నది పేర్ల గురించి. ఆ పుంజు పేరు చూడండి, శివంగి డేగ. డేగ అంటే వేటాడే పక్షి. కోడిపందేల వాళ్ళు పుంజుల్ని ఈకల రంగుని బట్టి పిలుస్తారు. కాకి, డేగ, నెమలి, కౌజు, కొక్కిరాయి, పింగళ. అన్నీ పుంజుల రకాలే. కానీ ఇందులో కౌజు అంటే అసలు ఒక పిట్ట, పొదల్లో గుంపుగా తిరుగుతుంది, పొద్దున్నే గట్టిగా అరుస్తుంది. కొక్కిరాయి అంటే కొంగ జాతి పక్షి.

ఆ ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళతో మాట్లాడాను. ఇంటర్ చదువుతున్నారు. కౌజు అంటే ఏంటి తమ్ముడూ అంటే ఠక్కున, "పుంజు అన్నా, మూడు రంగులుంటది" అన్నారు. కౌజు పిట్ట ఎప్పుడైనా చూశారా అంటే, "పిట్ట కూడా ఉందా?" అని వాళ్ళే నన్ను అడిగారు. వాళ్ళని తప్పు పట్టటానికి ఏం లేదు. పేరు బతికింది, పేరు పెట్టుకున్న పిట్ట పొదలతో పాటు వెనక్కి పోయింది. నా ఫోన్లో కౌజు కూత వినిపించాను. ఒకతను, "ఇది మా తాత చేలో పొద్దున్నే వచ్చే సౌండు అన్నా, ఇదని తెలియదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆ రోజు ప్రయాణం గిట్టుబాటు అయిపోయింది.

కాలువ కింద చిత్తడి: 1967లో పుట్టిన నేల

గురజాల దాటాక సీను మొత్తం మారిపోతుంది. సాగర్ కుడి కాలువ ప్రాంతం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువకి జవహర్ కాలువ అని పేరు. పొడవు 203 కిలోమీటర్లు, దాని కింద దాదాపు 11 లక్షల ఎకరాలు. జొన్న తిన్న పల్నాడు వరి అన్నం తినటం మొదలుపెట్టింది ఆ తర్వాతే. శ్రీనాథుడు ఇప్పుడొస్తే చాటువులు తిరగరాసుకోవాలి!

కాలువతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. అది ఏ ప్లానులోనూ గీయలేదు. కాలువ గట్టు కింద ఊట పట్టి, మురుగు బయటికి పోక, పల్లంలో నీళ్ళు నిలిచి జమ్ము, తుంగ పెరిగిన జౌకు నేలలు. మనం ఇప్పుడు చిత్తడి నేల అని ముద్దుగా పిలిచేది ఇదే. రోడ్డు పక్కన అలాంటి ఒక కుంట దగ్గర గంటన్నర కూర్చున్నాను. ఆ రోజు మొత్తంలో ఎక్కువ పిట్టలు కనపడింది అక్కడే.

నత్తగుల్ల కొంగలు 40 దాకా. వీటి ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, నత్తని పట్టుకోవటానికి అదొక పనిముట్టు. నల్ల కంకణాలు, తెల్ల కంకణాలు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ. లకుముకి పిట్ట. బురదలో ముక్కుతో పొడుస్తూ ఉల్లంకులు. తోక ఆడిస్తూ నడిచే వలస పిట్టలు. నీళ్ళ మధ్యలో సైబీరియా వైపు నుంచి వచ్చిన చిన్న బాతులు, పరజలంటారు మన కొల్లేటి వాళ్ళు. గట్టు మీద ఈత చెట్టుకి గిజిగాడి గూళ్ళు, ఈ కాలంలో ఖాళీవి. గిజిగాడు అంటే జాషువా గుర్తు రావాలి. ఆయనది ఈ జిల్లాలోనే వినుకొండ. అగ్రవర్ణాల కవులు హంసనీ మేఘాన్నీ దూతలుగా పంపితే, ఆయన గబ్బిలాన్ని పంపాడు. 1941లో వచ్చిన కావ్యం. గుడి తలుపు తన మనిషికి తెరుచుకోదు, గబ్బిలానికి మాత్రం అడ్డం లేదు, అదీ ఆ కావ్యంలో దెబ్బ. గిజిగాడి గూటి మీద కూడా పద్యాలు రాశాడు. మన నేల మీద తిరిగే ప్రాణుల్ని చూసి రాసిన కవి ఆయన.

ఆ కొంగల గురించి ఇంకో మాట. ఇవి రాత్రికి ఎక్కడో చెట్ల మీద చేరతాయి, గుడ్లు పెట్టే చోట్లు వేరే ఉంటాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు అలాంటిదే, అక్కడ గూడబాతులు కూడా గూళ్ళు కడతాయి. గూడబాతుల చరిత్ర ఒక పాఠం. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పరిశోధకుడు కొల్లేరు దగ్గర దాదాపు 3000 గూడబాతులు గూళ్ళు కట్టే చోటుని గుర్తించాడు. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. అంత పెద్ద గుంపు 30 ఏళ్ళలో వెళ్ళిపోయింది. పిట్టలకి ఒక్క చెరువు చాలదు, చుట్టూ మేత దొరికే పొలాలు, కుంటలు వందల కొద్దీ ఉండాలి. నేను కూర్చున్న కుంటకి పేరు లేదు, బోర్డు లేదు. అయినా అది ఆ వందల్లో ఒకటి.

అప్పుడే ఆ కుంట పక్క పొలం రైతు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎన్ని పిట్టలున్నాయి బాబాయ్ మీ దగ్గర అని నేను సంబరంగా అన్నాను. ఆయన ముఖంలో సంబరం లేదు. "పిట్టలకేం, బాగానే ఉంటయి. ఆ నీళ్ళు నిలబడ్డ నేల మాది. ఎకరం ముప్పావు. మా నాయన అందులో కంది ఏసేవాడు. కాలవొచ్చినాక ఊటపట్టి జౌకు పడిపోయింది. పైన వాళ్ళకి మాగాణి, మాకు జమ్ము" అన్నాడు. ఆ నేలని ఇప్పుడు ఏం చేస్తారు అని అడిగా. "మట్టి తోలి ప్లాట్లు ఏద్దామని ఒకాయన అడుగుతున్నాడు. ఇచ్చేస్తా. పిల్లదాని చదువుంది."

ఫ్రెండ్స్, నేను దీనికి ఏం సమాధానం చెప్పాలి? నాకు రోజు మొత్తంలో అందరికంటే అందంగా కనపడ్డ నీళ్ళు ఆయన పొలం మునిగిన నీళ్ళు. చిత్తడి నేలలు కాపాడండి అని వీడియోలో చెప్పటం నాకు తేలిక. ఆ కాపాడటానికి అయ్యే ఖర్చు 50 ఏళ్ళుగా ఆ ఒక్క ఇల్లు కడుతోంది. మనం ఆనకట్టలకి మునిగిన ఊళ్ళకి పరిహారం లెక్క కడతాం, కాలువ కింద మెల్లగా జౌకు పడ్డ ఎకరాల లెక్క ఎవరు కట్టారు? పిట్టల కోసం ఆ నీళ్ళు ఉండాలంటే, ఆ నీళ్ళకి ఆయనకి కౌలు లాంటిది ఏదో ముట్టాలి. లేకపోతే మట్టి లారీ వస్తుంది. ఆయన్ని తప్పు పట్టే హక్కు మనకి లేదు.

పేరు కాపాడిన పిట్ట

ఇప్పుడు పేర్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. టి.సి. జెర్డాన్ అని ఒక ఇంగ్లీషు డాక్టర్, మద్రాసు సైన్యంలో పనిచేశాడు, నెల్లూరులో కూడా ఉన్నాడు. 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో పిట్ట పిట్టకీ దొరికినంత వరకు తెలుగు పేరు రాశాడు. ఉదాహరణకి, గడ్డి బీళ్ళ మీద తక్కువ ఎత్తులో తేలుతూ ఎలకల కోసం, మిడతల కోసం వెతికే గద్దకి పిల్లిగద్ద అని రాసి ఉంది. ఎంత బాగుంది చూడండి, పిల్లిలాగే మాటు వేస్తుంది మరి. ఈ పేర్లు ఆయన కనిపెట్టినవి కావు. అడవుల్లో, చెరువుల్లో తిరిగి పిట్టల్ని పట్టే మనవాళ్ళు, నెల్లూరు వైపు యానాదులు లాంటివాళ్ళు చెప్పినవి. పుస్తకం మీద పేరు ఆయనది, నోట్లో పేర్లు వీళ్ళవి.

పేరు ఉంటే ఏం లాభం అంటారా? కడప జిల్లా కలివికోడి కథ చెప్తాను. జెర్డాన్ పంపిన నమూనాతో 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900లో ఒకసారి కనపడింది. తర్వాత 86 ఏళ్ళు శాస్త్రవేత్తలెవరికీ కనపడలేదు, ఇక లేదు అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. పొదల్లో రాత్రి తిరిగే ఆ పిట్ట అక్కడివాళ్ళకి తెలుసు, దానికి కలివికోడి అని పేరు కూడా ఉంది. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. ప్రపంచం పోయిందనుకున్న పిట్టని ఒక ఊరి మాట బతికించి ఉంచింది. పేరు తెలిసినవాడు ఒక్కడు లేకపోయినా అది పొదల్లోనే అనామకంగా పోయేది.

ఇంకో వైపు బట్టమేక ఉంది. మీటరు ఎత్తు పిట్ట, దక్కన్ గడ్డి బీళ్ళ రాజు. దాని కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తం కలిపినా 150 దాటవని అంచనా, అదీ ఎక్కువ రాజస్థాన్‌లో. గడ్డి బీడు రెవెన్యూ రికార్డులో బంజరు. బంజరు అంటే పనికిరానిది అని మనసులో పడిపోయింది కాబట్టి, పోతుంటే ఎవరికీ బాధ అనిపించలేదు.

అనుపు: రాతిలో హంస

సాయంత్రం నాలుగున్నరకి అనుపు చేరాను. కృష్ణ ఇక్కడ నది కాదు, సముద్రంలా ఉంటుంది. ఆ నీళ్ళ కింద ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 3వ శతాబ్దం నాటిది. డ్యామ్ కట్టే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి తీసి కొండ మీద మ్యూజియంలో పెట్టారు, కొన్ని కట్టడాలు ఈ అనుపులో మళ్ళీ పేర్చారు.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో హంసల వరసలు ఉంటాయి. హంస అనగానే మనకి క్యాలెండర్ బొమ్మలో పొడుగు మెడ తెల్ల పక్షి గుర్తొస్తుంది. అది యూరప్ పక్షి. నాగార్జునకొండలో దొరికిన ప్రాకృత శాసనాలు చదివి ప్రచురించిన డచ్ పండితుడు జె.ఫ్. వోగెల్ ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన చనిపోయాక 1962లో లైడెన్ నగరంలో వచ్చింది. మన సాహిత్యంలో, శిల్పంలో హంస అంటే పెద్ద బాతు జాతి పక్షి అని ఆయన వాదన. అంటే హిమాలయాలు దాటి చలికాలం మన చెరువులకి, నదులకి వచ్చే పక్షి లాంటిది. తల మీద రెండు నల్ల పట్టీలుండే బాతు ఒకటి ఇప్పటికీ తెలుగు నేలకి వస్తుంది. 7000 మీటర్లు దాటిన ఎత్తులో ఎగురుతూ నమోదైంది. ఆ శిల్పి చూసింది సరిగ్గా ఈ పక్షినే అని నేను అనను. కానీ చలికాలం సాయంత్రం కృష్ణ ఒడ్డున కూర్చున్న ఏ శిల్పికైనా వరసగా దిగే బాతులు కనపడే ఉంటాయని నా ఊహ.

ఆ రోజు నాకు ఆ పట్టీల బాతులు కనపడలేదు. లోతు నీళ్ళల్లో ఇలాంటి పక్షులకి మేత దొరకదు, వాటికి పల్చటి నీళ్ళు, ఒడ్డున పచ్చగడ్డి కావాలి. సాగర్‌లో మట్టం తగ్గి అంచుల్లో బురద తేలినప్పుడు అవకాశం ఎక్కువ. నీటికాకులు, కొన్ని రివ్వుమనే చిన్న పిట్టలు, ఒక పెద్ద నారాయణ పక్షి, అంతే. నోట్‌బుక్‌లో ఆ రోజు మొత్తం 71 రకాలు రాశాను.

మీరు చేయగలిగింది

మీ చేతిలో ఫోన్ ఉంది. ఈబర్డ్ అని ఉచిత యాప్ ఉంది, చూసిన పిట్టని అందులో రాయొచ్చు. మెర్లిన్ అని ఇంకోటి, కూత వింటే ఏ పిట్టో చెప్తుంది. 2023 నివేదిక కట్టింది ఇలాంటి నమోదులతోనే. మన పల్నాడు నుంచి వెళ్ళే నమోదులు పెరిగితే, మన కుంటలు కూడా లెక్కలోకి వస్తాయి. లెక్కలో లేని కుంట కోసం ఎవరూ ఏ పథకమూ వేయరు, ఆ ఎకరం ముప్పావు రైతుకి ఎవరూ రూపాయి ఇవ్వరు.

రెండోది ఏ యాప్‌లోనూ లేదు. మీ ఇంట్లో తాత, నాయనమ్మ, అమ్మమ్మ ఉంటే, ఈ ఆదివారం ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, చిన్నప్పుడు చేలో ఏ ఏ పిట్టలుండేవి, వాటిని ఏమని పిలిచేవాళ్ళు, ఏది శకునం, ఏది కూర అని అడగండి. అవును, కూర కూడా! సిగ్గుపడకుండా చెప్పమనండి, అదీ చరిత్రే. ఏ ఊరు, ఎన్నేళ్ళ మనిషి అనేది కూడా చెప్పించండి. పది నిమిషాల ఆడియో చాలు. జెర్డాన్‌కి చెప్పినవాళ్ళ పేర్లు ఏ అట్ట మీదా లేవు, మీ నాయనమ్మ గొంతు అయినా మీ దగ్గర ఉండాలి.

మీకు తెలిసిన పిట్ట పేరు, మీ ఊరి పేరు కింద రాయండి. పుస్తకాల్లో లేని పేర్లు వస్తే వాటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. వచ్చేసారి నాగులేరు వెంట నడుస్తూ పల్నాటి వీరుల కథలో ఎంత నిజం, ఎంత పాట అనేది మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.